గొట్టానికి చేసిన మర్యాద

పోయిన వారం తిరుమలసామినీ, ఆయన భార్య సుందరవల్లినీ కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఒక చీరల కొట్టు పక్కనున్న మెట్ల దగ్గర నిలబెట్టి వచ్చాం. మెట్ల పైన ఆయన అక్క కూతురు కార్తీక నడిపే పళ్ల ఆసుపత్రి. పెరియకుళం దగ్గరి మామిడితోట నుంచి కోడి కూయకముందే బయలుదేరి, బస్సు దిగి బస్సెక్కి వచ్చారు ఇద్దరూ. దారి పొడవునా సుందరవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. కిటికీ గాలి తగిలితే చాలు, పళ్లు జివ్వుమంటున్నాయి.

ఆ నోటికి ఏమైందో మనకు తెలుసు. తోటకు నీళ్లు పెట్టే డ్రిప్పు గొట్టాల్లో పేరుకున్న ఉప్పును కరిగించే ఫాస్ఫారిక్ ఆసిడ్‌ను, వేపపుల్లకు దూది చుట్టి, భార్య పళ్లకు పూసింది తిరుమలసామే. చెడ్డ బుద్ధితో పూయలేదు. కాపు మొదట్లో గొట్టం బిరడాను పళ్లతో లాగబోయి ఆయన తన ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. కార్తీక ఆ పన్నుకు అతుకు వేస్తూ ముందుగా నీలం రంగు మందేదో రాసింది. అదేమిటని అడిగితే నవ్వి, "మీరు డ్రిప్పుకి పోసేదే మామా, ఫాస్ఫారిక్ ఆసిడ్" అంది. ఆ మాట దుక్కిలో గింజ పడ్డట్టు ఆయన మనసులో పడింది. ఆ తరువాత కొన్నాళ్లకే కార్తీక తమ్ముడు సతీష్‌కుమార్ కోయంబత్తూరులోని పీలమేడు నుంచి వచ్చి, అత్త పెట్టే ఆవకాయను సీసాల్లో అమ్మిస్తాననీ, సీసా మీద అత్త నవ్వే బొమ్మ వేయిస్తాననీ చెప్పాడు. ఫోటో తీసేవాడు ఎంత బతిమాలినా సుందరవల్లి పళ్లు కనబడేటట్టు నవ్వలేదు. చిన్నప్పుడు పుట్టింటి బోరు నీళ్లు తాగి పళ్లన్నీ గోధుమరంగు గీతలు పడిన మనిషి ఆమె. ఆ గీతలు చెరిపేద్దామనుకున్నాడు తిరుమలసామి. అక్కడే చెడింది.

బస్సులో ఆమె ఒక్క మాటే అంది. "మీరు గమ్మునుండండి. ఆకువక్క సున్నానికి నోరు పొక్కిందని నేనే చెప్పుకుంటాను."

ఆయన సరేనలేదు, కాదనలేదు. అదిగో, ఆ మౌనంతోనే ఇప్పుడు మెట్లెక్కుతున్నాడు.

ఎక్కడికి పోయినా ముందు ఆయన, వెనక ఆమె. ఇవాళ ఆమె ముందు ఎక్కుతోంది. ఆయనకు అడుగు పడటం లేదు.

"రాండి మామా, రాండి అత్తా!" కార్తీక తలుపు దాకా ఎదురొచ్చింది. ముఖానికి కట్టుకునే గుడ్డ గొంతు దగ్గర వేలాడుతోంది. "ఏం మామా, మొహం ఎండిన పిందెమాదిరి ముడుచుకోని ఉండాది? పన్నునొప్పి అత్తకా, మీకా?"

"ఆమెకే," అన్నాడు తిరుమలసామి.

"ఆమెకని తెలుసు. ఫోన్లో అత్త చెప్పె. మిమ్మల్ని నవ్వించేదానికి అంటిని." అత్త భుజం పట్టుకుని లోపలికి నడిపిస్తూ కార్తీక గదిలో ఉన్న అమ్మాయిని కేకేసింది. "వళ్లీ, లైటు వెయ్యమ్మా. మామకి ఆ కుర్చీ ఇయ్యి. డ్రిప్పు సామిని నిలబెట్టినామంటే మా ఊళ్లో తోటలన్నీ ఎండిపోతాయి."

డ్రిప్పు సామి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయనకు పెట్టుకున్న పేరది. గొట్టంలో నీళ్లు సన్నబడ్డాయంటే ఎవరైనా ముందు ఆయనకే కబురు పెడతారు. ఆయన వచ్చి, చేతులకు మోచేతి దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుని, బిందెడు నీళ్లు పక్కన పెట్టుకుని గాని ఆసిడ్ క్యాను మూత తియ్యడు. నీళ్లలో ఆసిడ్ పొయ్యాలి గాని ఆసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు అని చూడవచ్చినవాళ్లకల్లా పాఠం చెప్తాడు. ఒకసారి తొడుగులు లేకుండా క్యాను ఎత్తబోయిన కూలివాణ్ణి, నీ చెయ్యి నీకు అక్కర్లేదేమో గాని నీ పెండ్లానికి కావాలిరా అని కసిరాడు. ఆ మాటకు ఆవేళ అందరూ నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే ఆయనకు చెవులు కాలుతున్నాయి.

సుందరవల్లి పొడుగు కుర్చీలో వెనక్కి వాలింది. చెప్పులు బయటే విడిచి వచ్చింది. ఆమె పాదాలు ఆయన వైపు ఉన్నాయి, మడమల పగుళ్లలో తోట మన్ను ఇంకా ఉంది. ఆయన ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ అనండత్తా. ఇంకా రవ్వ..." కార్తీక మాట అక్కడే ఆగిపోయింది. అద్దం పుల్లతో పెదవి పైకెత్తింది. కిందికి లాగింది. మళ్లీ పైకెత్తింది. "ఐయో! ఇదేందత్తా?"

"ఆకువక్కకి సున్నం ఎక్కువైపోయె కన్ను," అంది సుందరవల్లి, కార్తీకను ఎప్పుడూ పిలిచే ముద్దుపిలుపుతో.

"సున్నమా? సున్నమైతే బుగ్గలో కదా పొక్కాల? ముందుపళ్ల చిగురంతా పుండు పడి మానుతా ఉండాది. పళ్లు చూస్తే సుద్దమాదిరి ఉండాయి. ఇదెట్లా అయ్యె?"

"వేలితో రాసుకుంటి. రాస్తే తెల్లబడతాయని చెప్పిరి."

"ఎవరు చెప్పిరి?"

సుందరవల్లి రెప్ప వాల్చలేదు. పైన వెలుగుతున్న దీపాన్నే చూస్తూ, "ఎవరో. సంతలో," అంది.

సంతలో ఎవరో! తిరుమలసామి తల ఇంకొంచెం వంగింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మొగుణ్ణి ఆమె ఒక్క మాటతో సంతలో ఎవరో పరాయివాడిగా చేసేసింది. అది ఆయన్ని కాపాడటానికేనని తెలుసు. తెలియడం వల్లే ఎక్కువ గుచ్చుకుంది.

"ఆ సంతలోవాడు నా చేతికి చిక్కితే వాడి పళ్లకి వెల్లవేస్తాను," అంది కార్తీక. "ఎన్ని తడవలు చెప్పినానత్తా, ఆ సున్నం డబ్బాని ఎత్తి కాలవలో పారెయ్యమని? పిల్లనా మీరు? పళ్లు తెల్లబడాలంటే నన్నడగకూడదా? నేనెందుకుండేది ఇక్కడ, పంచాంగం చూసేదానికా?"

"తప్పే కన్ను. బుద్ధి లేకపోయె."

"మామా, మీరైనా చూసుకోవద్దా? తోటలో ఒక్కొక్క గొట్టాన్నీ తడిమి తడిమి చూస్తారే, ఇంట్లో ఈమె నోట్లో ఏం పూసుకుంటాదని చూడరా?"

"చూడలేదు," అన్నాడు తిరుమలసామి.

ఆ మాట అబద్ధమూ అయింది, నిజమూ అయింది. నోట్లోంచి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాలేదు.

చూడకేం? మోటారు కొట్టం చూరు కింద, ఎండ బాగా పడేచోట, బోర్లించిన గంప మీద ఆమెను కూర్చోబెట్టింది ఆయనే. క్యానులోంచి కొబ్బరి చిప్పలోకి కొంచెం ఒంచి, దూది ముంచి, "ఏమీ కాదు, చీమ కుట్టినట్టుంటాది, అంతే" అన్నాడు. ఆ మాట ఆయనకు కొత్త కాదు. ఈ కార్తీకకు చెవులు కుట్టినప్పుడు మేనమామ తొడ మీద కూర్చోబెట్టుకుని, పిల్ల చేతులు రెండూ పట్టుకుని, ఆ మాటే అన్నాడు. అప్పుడది నిజమే. పిల్ల ఒక్క ఏడుపు ఏడ్చి, చేతిలో బెల్లంముక్క పడగానే మానేసింది. సుందరవల్లి ఏడవలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, గంప అంచు రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచే ఉంచింది. గొట్టంలో ఆసిడ్ పోసి రవ్వసేపు నిలబెట్టినట్టే ఆమె పళ్ల మీదా నిలబెట్టాడు ఆయన. ఎంతసేపు? ఇప్పుడడిగితే చెప్పలేడు. పక్క తోటవాడు గట్టు మీద పోతూ పలకరిస్తే వాడికి జవాబు కూడా చెప్పాడు. ఆవేళ ఆయన చేతులకు మాత్రం రబ్బరు తొడుగులు ఉన్నాయి.

చిగుళ్లు కాలిన సంగతి ఆమె ఆయనకు చెప్పనే లేదు. పైకి పళ్లు తెల్లగా కనబడుతుంటే ఆయన మురిసిపోయాడు. ఎదురింటి వీరాయి, "ఏం పూసినారు సామీ, దానికి పళ్లు ముల్లంగిమాదిరి ఉండాయి!" అంటే మీసం కింద నవ్వుకున్నాడు. ఆమె చల్లారిన రాగిగంజి తప్ప ఏదీ ముట్టడం లేదని కనిపెట్టేసరికి పొద్దులు గడిచిపోయాయి.

"సరి, జరిగింది జరిగె," కార్తీక గొంతు మెత్తబడింది. "పుండ్లు మానుతా ఉండాయి, వాటికి పూత మందిస్తాను. ఈ ఒక్క పన్నే గాలికి కూడా ఓర్చలేకుండా ఉండాది. దీని మీద ఒక పూత వేసి మూసేస్తే ఈ రోజు రాత్రన్నా నిద్రపోతారు. వళ్లీ, రబ్బరు షీటు. తరువాత ఎచ్చింగ్ జెల్."

వళ్లి పళ్లెంలో ఒక సన్నటి సిరంజి తెచ్చి పెట్టింది. అందులో ఉన్నది నీలంగా ఉంది. శంఖుపువ్వుల్లో కనబడే నీలం.

తిరుమలసామి దాన్ని గుర్తుపట్టాడు. సుందరవల్లి కూడా గుర్తుపట్టింది. ఆ నీలం మందు గురించి మోటారు కొట్టం కింద ఆయన ఎంత చెప్పాడో! "కార్తీక నాకు పెట్టిందీ ఇదే. పేరొకటే. అది నీలంగా ఉండె, ఇది నీళ్లమాదిరి ఉండాది, అంతే తేడా."

ఆమె తల తిప్పి సిరంజిని ఒకసారి చూసింది. ఆయన వైపు చూడలేదు. మళ్లీ దీపం వైపు తిరిగి, కళ్లు మూసుకుని, నోరు తెరిచింది.

ఆయన చూస్తున్నది ఆమె పాదాల్ని కదా, అవి చెప్పాయి. కాలి వేళ్లు పదీ లోపలికి ముడుచుకున్నాయి. మట్టెలు ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడు చేశాయి. చేతులు కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి, గంప అంచును పట్టుకున్నట్టే.

మళ్లీ అదే పడుతుందని ఆమెకు తెలుసు. తెలిసీ నోరు తెరిచింది. ఒక్క మాట చెప్తే ఆగిపోతుందని తెలుసు. తెలిసీ ఆ మాట చెప్పదు. ఎందుకంటే ఆ మాట చెప్తే, మూలన కుర్చీలో కూర్చున్న డ్రిప్పు సామి పరువు మేనకోడలి ముందు పోతుంది.

"కార్తీ, ఆపు."

గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"ఏం మామా? నొప్పేమీ ఉండదు, ఇది..."

"అది పెట్టొద్దు. ఆమె నోట్లో పడింది సున్నం కాదు."

సుందరవల్లి కళ్లు తెరిచింది. "మీరు గమ్మునుండండి," అంది, తెరిచిన నోటితోనే, మాట సగం మింగేసి.

"ఉంటిని కదా గమ్మున. ఇంత దూరం ఉంటిని. చాలు." ఆయన తువ్వాలు రెండు చేతుల్లోకీ తీసుకుని నలుపుతున్నాడు. "క్యానులో ఉండేది పూస్తిని కార్తీ. డ్రిప్పుకి పోసేది. నీ మందు కూడా అదేనంటివే, అందుకని. నేనే పూస్తిని. సంతలో ఎవడూ లేడు."

ఉమ్మి పీల్చే గొట్టం ఒక్కటే చప్పుడు చేస్తోంది గదిలో. కార్తీక చెయ్యి చాచి దాన్ని కట్టేసింది. సిరంజికి మూత పెట్టి పళ్లెంలో దూరంగా జరిపింది.

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. ఆమె అరవలేదు. డాక్టరు గొంతుతో అడిగింది.

"నీళ్లు కలిపినారా?"

"లేదు."

"క్యానులో ఉండేది ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

"ఎంతసేపు ఉంచినారు?"

తెలియదన్నట్టు ఆయన తల అడ్డంగా ఆడించాడు.

"తరువాత నీళ్లతో కడిగినారా?"

"ఒక చెంబుతో. పుక్కిలించి ఉమ్మె."

కార్తీక అత్త వైపు వంగింది. "అత్తా, దాచొద్దు. గొంతులోకి దిగెనా?"

సుందరవల్లి మొగుడి వైపు తిరగలేదు. "రవ్వ దిగె. ఉమ్మేలోపలే. మింగితే ఇక్కడ గీరుకుంటా ఉండాది," అని రొమ్ము మధ్య వేలు పెట్టి చూపింది.

ఆ సంగతి తిరుమలసామికి ఇప్పుడే తెలిసింది. కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండానే కూలబడ్డాడు.

"మామా," అంది కార్తీక. ఇప్పుడు అది డాక్టరు గొంతు కాదు, తొడ మీద కూర్చుని చెవులు కుట్టించుకున్న పిల్ల గొంతు. "ఈ సిరంజిలో ఉండేది మీ క్యానుదాంట్లో సగం కూడా ఘాటు లేదు. చిక్కగా గోందుమాదిరి చేసి ఉంటారు, పెట్టినచోటే నిలవాలని. చిగురుకి తగలకుండా రబ్బరు కడతాను. పెట్టి, నాలుగు ముక్కలు మాట్లాడేలోపల కడిగేస్తాను. ఎందుకు పెట్టేది? పన్ను పైన రవ్వ గరుకుపడితే పూత పట్టుకుంటాదని. సున్నం కొట్టేముందు గోడ గీకినట్టు. వెంటనే దాన్ని పూతతో మూసేస్తాను. మీరు గీకి, గోడని అట్లే ఎండకి విడిచిపెట్టినారు."

"పేరొకటే కదా అనుకుంటి."

"పేరొకటే. కూల్‌డ్రింక్‌లో కూడా రవ్వ కలుపుతారు. వాంతులు నిలిచేదానికి ఇచ్చే కొన్ని మందుల్లో కూడా ఉంటాది. అందుకని క్యాను ఎత్తి తాగుతామా? ఎంత, ఎక్కడ, ఎంతసేపు, దాంట్లోనే ఉండాది వైద్యమంతా. పైగా మీది చెట్లకని చేసింది. మనుషుల నోటికని ఎవరూ దాన్ని శుద్ధి చెయ్యరు." ఆగి, ఊపిరి పీల్చుకుంది. "ఇంకొకటి మామా. అత్త పళ్ల మీది గీత పైన అంటుకున్నది కాదు. పళ్లు పుట్టేటప్పుడే ఆ నీళ్లతో లోపల కలిసిపోయింది. గొట్టంలో ఉప్పుమాదిరి కరిగి పోయేది కాదు. మీరెంత పూసినా కరిగేది పన్నే."

కరిగేది పన్నే. ఆయన ఆ మాటను లోపల ఒకసారి అనుకున్నాడు.

"గొట్టానికి చేసే మర్యాద..." అని మొదలుపెట్టాడు. పూర్తి చెయ్యలేకపోయాడు. గొట్టానికి ఆసిడ్ కొలిచి పోసేవాడు. నీళ్లు కలిపేవాడు. గడియారం చూసేవాడు. ఆఖరికి మంచినీళ్లు ఎంతోసేపు విడిచి, చివరి రంధ్రం దాకా కడిగేవాడు. గొట్టానికి చేసిన మర్యాద ఇంటిదాని నోటికి చెయ్యలేదు.

కార్తీక ముక్కాలి పీట మీద కూర్చుండిపోయింది. చేతి తొడుగులు ఒక్కొక్కటీ లాగేసింది. "నాకూ సిగ్గుగా ఉండాది మామా. ఆ రోజు మీరడిగితిరి. సరిగ్గా చెప్పేదానికి ఎంతసేపవతాది? పరిహాసానికి, డ్రిప్పుకి పోసేదే అంటిని. నా నోట్లో సున్నం పొయ్యాల."

"నీ తప్పేం లేదు తల్లీ. నువ్వు నవ్వులకంటివి. నేను..."

"ఇద్దరూ చాలించండి," అంది సుందరవల్లి.

కుర్చీలో లేచి కూర్చుంది. కొంగు నోటి దగ్గరికి పోబోయి, దారిలో ఆగి, ఒళ్లో పడింది.

"కార్తీ, నేనెందుకు నోరు తెరిచితినని నువ్వడగలేదే? నాకు నొప్పి తెలవదా? మొదటి తడవకే తెలిసె, ఇది చీమ కాదని." ఆమె మాట్లాడుతుంటే పళ్లు కనబడుతున్నాయి. జీవం పోయిన తెలుపు. "మా పెండ్లినాడు ఫోటో తీసేవాడు నవ్వమ్మా అనె. నేను నవ్వితిని. ఈయన నా చెవి దగ్గరికొచ్చి, నోరు మూసుకో అనిరి. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటే. ఆనాడు మూసిన నోరు కన్ను. నీ చెవులు కుట్టినప్పుడు, మీ అమ్మ కొత్తింట్లో చేరినప్పుడు, ఏ ఫోటోలోనైనా చూసుకో. మళ్లీ ఈయన నోటినుంచి, నోరు తెరువు అనే మాట ఆ మోటారు కొట్టం కిందనే వింటిని. ఎట్లా తెరవకుండా ఉంటాను?"

వళ్లి ఎందుకో పళ్లెం తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

తిరుమలసామికి ఆ పెండ్లి ఫోటో గుర్తుంది. ఇంట్లో నడవ గోడ మీద ఉంది. అందులో పెండ్లికూతురు బిగదీసుకుని ఉంటుంది. పొగరుబోతుదిరా నీ పెండ్లాం అని ఎవరో అంటే, అవునేమో అనుకున్నాడు ఆయన. తాను చెవిలో చెప్పిన మాట మాత్రం తనకు గుర్తు లేదు. నిజంగానే లేదు. చెప్పినవాడు మరిచిపోయాడు. విన్న మనిషి ఇన్నాళ్లూ దాన్ని పళ్ల వెనక దాచుకుని బతికింది.

ఏదో అనాలి. క్షమించమనాలా? ఆ మాట వాళ్ల ఇళ్లల్లో మొగుళ్లు పెండ్లాలకు చెప్పి ఎరగరు. ఆయన లేచి, కుర్చీ దగ్గరికి వెళ్లి, కిందికి వంగి, ఆమె మట్టె ఒకటి పక్కకు తిరిగి ఉంటే సరిచేశాడు. అంతకంటే ఏమీ చేతకాలేదు. ఆమె కాలు వెనక్కి లాక్కోలేదు. ముందుకూ చాపలేదు.

కార్తీక అప్పటికే ఫోను తీసింది. "పక్క వీధిలో పెద్దాసుపత్రిలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉండాది. గొంతులోకి కెమెరా విడిచి చూడాల. భయపడొద్దత్తా. దిగింది రవ్వేనంటే మానిపోతాది. కానీ చూడకుండా విడిచిపెట్టకూడదు. అంతదాకా మీరేమీ తినొద్దు, తాగొద్దు." ఫోను చెవిన పెట్టుకుని, అవతలివాళ్లు ఎత్తేలోపల మామ వైపు తిరిగింది. "ఆ క్యాను ఎక్కడుండాది మామా? తాళమేసినారా? కనీసం అదన్నా పిల్లాజెల్లా చేతికందకుండా..."

తిరుమలసామి చెయ్యి మట్టె మీదే ఆగిపోయింది.

క్యాను తాళంలోనే ఉంది. క్యానుకేం కాదు.

"ఏం మామా?"

"వీరాయి అడిగె," అన్నాడు.

"ఏమడిగె?"

"ఈమె పళ్లు చూసి అడిగె. దాని మనవరాలు, ఆ యువరాణి అనే పిల్లకి కూడా ఇట్లే గీతలుండాయి. ఈమె పుట్టినూరి నీళ్లు తాగి పెరిగిన పిల్లే. పీలమేడు కాలేజీలో చేరతాదంట, అందరి ముందూ నోరు తెరిచేదానికి సిగ్గు పడతా ఉండాదంట. అప్పటికి నాకు ఈ పుండ్ల సంగతి తెలవదు కార్తీ. తెల్లగా ఉండె కదా! నాకు... నాకు గొప్పగా ఉండె." మట్టె మీది చెయ్యి తీసేశాడు. "ఒక కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇస్తిని."

"అడగలేదా మళ్లీ? పారెయ్యమని చెప్పలేదా?"

"మరిచిపోతిని."

మరిచిపోయాడు. ఈమె నోటి సంగతి తెలిసిననాటి నుంచి ఆయన ఆలోచించిందల్లా, ఎవరికీ తెలియకూడదని. ఆ ఆలోచన ఆ సీసాకు చోటివ్వలేదు. భార్య ముఖంలోకి ఇప్పుడు చూశాడు. ఇంతవరకూ ఆమె కళ్లలో నొప్పి ఉంది, అలసట ఉంది. ఇప్పుడున్నది వేరే. ఆమె నోటికి చేతిని అడ్డం పెట్టుకుంది, పళ్లు దాచుకోవడానికి కాదు.

కార్తీక డాక్టరమ్మకు మోగుతున్న ఫోను కట్టేసి, మామ ఫోనులో చూసి వీరాయి నంబరు దాంట్లోనే కలిపి, అందరికీ వినబడేటట్టు పెట్టి, ఆయన చేతికిచ్చింది. చాలాసేపు మోగింది.

"ఎవరు?" వీరాయి గొంతు. వెనక మేక అరుస్తోంది.

"నేను, తిరుమలసామిని. వీరాయీ, నేనిచ్చిన సీసా ఎక్కడ?"

"కిటికీలోనే ఉండాది సామీ. ఈ పిల్ల ఇంకా పూసుకోలేదు. కాలేజీ చూసొచ్చి పూసుకుంటాననె. పొద్దున్నే కోయంబత్తూరు బస్సెక్కె."

తిరుమలసామికి ప్రాణం లేచి వచ్చింది. "దాన్ని ముట్టొద్దు. ఉన్నచోటే ఉందా, చూసి చెప్పు."

మట్టి నేల మీద పాదాల చప్పుడు వినబడింది. "ఉండాది. ఇదో. రెండు సీసాలు పెట్టి ఉంటిని, ఒకటి పిల్ల దారికి నీళ్లు, ఒకటి మీ మందు. రెండూ ఒకే మాదిరి సీసాలే. పిల్ల నీళ్లది తీసుకోని పోయె. ఇదే మీది. ఉండండి, మూత తీసి చూస్తాను..."

"తియ్యొద్దు! వాసన చూడొద్దు, నాలిక పెట్టొద్దు!" ఆయన కేకకు వళ్లి పక్క గదిలోంచి పరుగున వచ్చింది. "వీరాయీ, మూత గట్టిగా బిగించు. బిగించి, సీసా ఫోను దగ్గర పెట్టి ఊపు. ఆసిడ్ అయితే చిక్కగా పానకంమాదిరి కదలతాది, చప్పుడు రాదు. ఊపు."

సుందరవల్లి మొగుడి మణికట్టు పట్టుకుంది. ఫోనులో మేక ఇంకోసారి అరిచింది.

అప్పుడు వినబడింది. బిందె నెత్తి మీద పెట్టుకుని నడిచే మనిషి దగ్గర వినబడేటట్టు, తేటగా, తేలిగ్గా.

గలగలమని నీళ్లు.